బడి మూతపడితే పాఠం ఎలా? పంపే దారి కన్నా తిరిగొచ్చే దారి ముందు చూడండి

మేడమ్, మీ ప్రశ్న చూడనివాళ్ళకు కూడా అర్థమవ్వాలని ముందు దాన్ని రెండు ముక్కల్లో చెబుతాను. తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. ఆరు నుంచి పది దాకా 180 మంది పిల్లలు, తొమ్మిది మంది టీచర్లు. మూడు ఊళ్ళ నుంచి, ఒక తండా నుంచి పిల్లలు వస్తారు. 2020లో లాగా మళ్ళీ నెలల తరబడి బడి మూతపడితే ఏం చేయాలో ఇప్పుడే కాగితం మీద పెట్టుకోవాలని మీ ఆలోచన. ఏ యాప్ మంచిదని అడిగారు.

యాప్ సంగతి ఆఖర్న చెబుతాను, ఎందుకంటే అది ఆఖరి సంగతే. కరోనాతో బళ్ళు మూతపడ్డ 2020, 2021ల్లో పాఠాలకు కరువు రాలేదు. 2020 సెప్టెంబరు 1 నుంచి మూడో తరగతి మొదలుకుని పై తరగతులకు తెలంగాణ ప్రభుత్వ పాఠాల ఛానెల్ టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో జూన్‌లోనే సప్తగిరి ఛానెల్లో మొదలుపెట్టారు. కేంద్రం నడిపే దీక్ష యాప్‌లో వీడియోలున్నాయి, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్లున్నాయి, యూట్యూబ్ సరేసరి. పాఠం ఇంటిదాకా వెళ్ళడానికి ఇన్ని దారులుంటే, పిల్లవాడు ఏం రాశాడో, ఎక్కడ ఆగిపోయాడో టీచరుకు తెలిసే దారి చాలా బళ్ళలో ఒక్కటీ లేకపోయింది. అందుకని ప్రణాళికను వెనక నుంచి రాయండి. ఎనిమిదో తరగతి పిల్ల మంగళవారం చేసిన లెక్క మీ గణితం టీచరు చేతికి ఏ రోజు, ఎవరి ద్వారా వస్తుంది? దీనికి జవాబు ఉంటే మిగతాదంతా దాని చుట్టూ అల్లుకోవచ్చు. ఇది లేకుండా ఎంత మంచి వీడియో పంపినా గోడకు చెప్పినట్టే.

ఫోను లెక్క

ఇది బడి నడుస్తున్న రోజుల్లోనే చేయాలి, మూతపడ్డాక కుదరదు. "స్మార్ట్‌ఫోను ఉన్నవాళ్ళు చేతులెత్తండి" అని క్లాసులో అడిగితే వచ్చే లెక్క పనికిరాదు. లేదని చెప్పడానికి సిగ్గుపడి చెయ్యెత్తేవాళ్ళుంటారు. అన్న ఫోనును తన ఫోనుగా చెప్పేవాళ్ళుంటారు. ఉందంటే రీచార్జి నెత్తిన పడుతుందేమోనని ఇంట్లో లేదనిపించేవాళ్ళూ ఉంటారు. ఇంటింటికీ ఒక కాగితం పెట్టుకుని ఇవి రాయండి: ఫోను ఎవరి జేబులో ఉంటుంది, ఇంట్లో ఏ గంట నుంచి ఏ గంట దాకా ఉంటుంది, రీచార్జి అయిపోతే మళ్ళీ వేయించడానికి ఎన్ని రోజులు పడుతుంది, ఆ ఒక్క ఫోనును పంచుకునే పిల్లలు ఎందరు, టీవీ ఉంటే కేబులా, డిష్షా, ఫ్రీ డిష్షా, ఇంట్లో తెలుగు చదవగలిగిన పెద్దవాళ్ళు ఎవరు. చివరగా ఇంకొకటి: ఫోను అసలే లేకపోతే, నడిచి వెళ్ళగలిగిన దూరంలో ఏ సహవిద్యార్థి ఇల్లుంది.

రాసుకున్న ప్రతి నంబరుకూ ఒక వాయిస్ మెసేజ్ పంపి, పిల్లతోనే పేరు, తరగతి, ఊరు చెప్పించి తిరిగి పంపమనండి. రెండు రోజుల్లో గొంతు తిరిగి రాకపోతే ఆ నంబరు మీ ప్రణాళికలో లేనట్టే లెక్క. ఆఫర్ల కోసం సిమ్‌లు మారుస్తుంటారు కాబట్టి నెలకోసారి మళ్ళీ సరిచూసుకోవాలి. ఈ పని క్లాసు టీచరుది. ఒక్కరి మీద 180 నంబర్లు పడేస్తే రెండో నెలకే ఆ పట్టిక పాతబడిపోతుంది.

2020లో ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ పిల్లలను హైటెక్, లోటెక్, నోటెక్ అని మూడు గుంపులు చేసింది. ఇంటర్నెట్ ఉన్నవాళ్ళు, టీవీయో రేడియోయో మాత్రమే ఉన్నవాళ్ళు, ఏదీ లేనివాళ్ళు. మొదలుపెట్టడానికి మంచి పద్ధతే. అయితే పల్లెల్లో లెక్క తప్పించే గుంపు ఇంకొకటుంది, ఫోనుంది కానీ పగలు ఇంట్లో లేదు. నాన్న ఆటో నడుపుతాడు, ఫోను ఆటోతోనే ఉంటుంది. ఉదయం పదకొండుకు లింకు పంపితే ఈ పిల్లలు కాగితం మీద హైటెక్, చదువులో నోటెక్. అందుకే మీ పట్టికలో ఫోను రకం పక్కన గంటలు రాయండి: పగలంతా, సాయంత్రం ఏడు తర్వాత, ఆదివారం మాత్రమే. టైమ్‌టేబుల్ ఈ గంటల్ని చూసి వేయాలి. బడి గంటను చూసి వేస్తే బడే నడవదు.

కాగితమే వెన్నెముక

మీలాంటి బడికి వారానికి ఒక్కో పిల్లకు రెండు ఏ4 కాగితాలు, రెండు వైపులా ముద్రించి ఇవ్వడం మధ్యస్థమైన లెక్క. నాలుగు పేజీలు. గణితానికి ఒకటిన్నర, తెలుగుకు ఒకటి, ఇంగ్లీషుకు ముప్పావు, మిగతా చోటులో సైన్సు ఒక వారం, సాంఘికం ఒక వారం. హిందీ టీచరు అడుగుతారు. నెలకొక పేజీ ఇవ్వండి, అంతకు మించి ఒప్పుకోకండి. ఆరు సబ్జెక్టులూ ప్రతివారం కావాలని పట్టుబడితే కాగితం నిండుతుంది, ఏదీ పూర్తికాదు.

ఖర్చు: 180 మందికి నాలుగేసి పేజీలంటే వారానికి 720 జిరాక్స్ పేజీలు. పేజీ రూపాయికి ఒప్పిస్తే వారానికి 720 రూపాయలు, 43 వారాలకు దాదాపు 31,000. బళ్ళకు నిధులిచ్చే కేంద్ర పథకం సమగ్ర శిక్ష నిబంధన ప్రకారం 101 నుంచి 250 మంది ఉన్న బడికి ఏడాదికి 50,000 రూపాయల కాంపోజిట్ గ్రాంటు, అంటే బడి నిర్వహణ ఖర్చుల డబ్బు. అందులో కనీసం పదో వంతు శుభ్రతకు పోవాలి. కరెంటు, సుద్దముక్కలు, రిపేర్లు కూడా అందులోనే. అంటే పేజీ రూపాయి అయితే బిగువుగా సరిపోతుంది, రెండు రూపాయలైతే సరిపోదు. మండల కేంద్రంలో జిరాక్స్ షాపతనితో ఇప్పుడే మాట్లాడి రేటు రాయించుకోండి. గ్రాంటు విడతలుగా వస్తుంది, ఆలస్యంగానూ వస్తుంది కాబట్టి మొదటి రెండు నెలల కాగితం బీరువాలో ఉండాలి. వారానికి 360 కాగితాలు, అంటే ఎనిమిది వారాలకు 500 కాగితాల రీములు ఆరు.

కాగితం తయారీలో టీచర్లు చేసే మొదటి తప్పు, పాఠం వెనక ప్రశ్నలనే మళ్ళీ అచ్చు వేయడం. వాటి జవాబులు గైడులో ఉంటాయి, అక్కయ్య పాత నోట్సులో ఉంటాయి. పది ఇళ్ళ నుంచి ఒకే వాక్యం, ఒకే తప్పుతో సహా వస్తుంది. ఇంటి సరుకును ప్రశ్నలోకి తెండి. "మీ కరెంటు బిల్లులో గత నెల, ఈ నెల యూనిట్లు రాసి పెరుగుదల శాతం కట్టు." "మీ ఇంట్లో ఉన్న నాలుగు పాత్రల్లో గ్లాసుతో నీళ్ళు పోసి ఘనపరిమాణం పోల్చు." "మీ ఊరి చెరువు గురించి అమ్మమ్మనో తాతనో అడిగి ఐదు వాక్యాలు." ఇవి చూచిరాతకు లొంగవు, పక్కింటి జవాబు పనికిరాదు.

రెండో తప్పు స్థాయి. ఏడో తరగతిలో భాగహారం రాని పిల్లలు, కూడబలుక్కుని చదివే పిల్లలు ఉంటారని మీకు తెలుసు. బడిలో అయితే పక్కవాళ్ళను చూసి నెట్టుకొస్తారు. ఇంట్లో ఆ కాగితం తెరవరు. కాబట్టి గణితం పేజీలో మొదటి మూడు లెక్కలు ఎవరైనా చేయగలిగినవి, తర్వాత నాలుగు తరగతి స్థాయివి, చివర ఒకటి గట్టిది. తెలుగులో కూడా మొదట ఆరేడు వాక్యాల చిన్న కథో, వార్తో ఇచ్చి, దాన్ని ఇంట్లో ఎవరికైనా గట్టిగా చదివి వినిపించి వాళ్ళ సంతకమో వేలిముద్రో తీసుకోమనండి. సంతకం నిజమా కాదా అని తవ్వకండి. ఫోను చేసినప్పుడు అదే పేరా చదివిస్తే తేలిపోతుంది.

సూచనలు ఒక్కో ప్రశ్నకు ఒక్క వాక్యం దాటకూడదు. తండా ఇళ్ళల్లో మాట్లాడేది లంబాడీ. గ్రాంథికం కలిసిన తెలుగు సూచన అక్కడ పెద్దవాళ్ళకు సాయం చేయదు. బొమ్మతో ఒక నమూనా చేసి చూపించడం అన్నిటికన్నా మేలు.

ఇక పంపిణీ, వాపసు. సోమవారం ఉదయం కొత్త కాగితం ఇస్తూ పాతది తీసుకోవాలి, ఒకే చేతి మీద రెండూ జరగాలి. పాతది ఇవ్వకపోయినా కొత్తది ఆపకండి, పేరు పక్కన గుర్తు మాత్రం పెట్టండి. మూడు ఊళ్ళకు, తండాకు ఒక్కో చోటు, ఒక్కో గంట. మధ్యాహ్న భోజనం బదులు బియ్యం ఇచ్చే రోజు వస్తే దాన్ని వదలకండి. ఆరు నుంచి ఎనిమిది చదివే పిల్లకు రోజుకు 150 గ్రాముల చొప్పున 24 పనిదినాలకు 3.6 కిలోల బియ్యం వస్తుంది, దానికోసం ఇంట్లోవాళ్ళు తప్పక వస్తారు. కాగితం ఆ సంచితో పాటు వెళ్ళాలి, ఆ రోజే అమ్మతో రెండు నిమిషాలు మాట్లాడాలి. 2020లో కాగితాలను మూడు రోజులు పక్కన పెట్టి ముట్టుకున్నవాళ్ళున్నారు. కరోనా లాంటి జబ్బుకు కాగితం కన్నా మూసిన గది ప్రమాదం. పంచే చోటు చెట్టు కింద ఉంటే చాలు, మాస్కుతో.

ఫోను చేయడం

నా లెక్కలో మొత్తం ప్రణాళికలో అతి చవకైనది, అతి తక్కువ వాడుకున్నదీ ఇదే. మామూలు కాల్. తొమ్మిది మంది టీచర్లకు 180 మంది అంటే తలా ఇరవై. రోజుకు నలుగురు, వారానికి ఐదు రోజులు. ఒక్కో కాల్ ఏడెనిమిది నిమిషాలు, అంటే రోజుకు అరగంట. సబ్జెక్టుతో సంబంధం లేదు, ఆ ఇరవై మందికీ ఆ టీచరే పెద్దదిక్కు.

కాల్‌లో ఏం అడగాలో ముందే రాసుకోకపోతే "బాగున్నావా, చదువుతున్నావా" దగ్గర ముగుస్తుంది, పిల్ల రెండిటికీ "ఆ సార్" అంటుంది. క్రమం ఇలా ఉంటే నడుస్తుంది: ఈ వారం కాగితంలో మొదటి పేరా చదువు. రెండో లెక్క ఎలా చేశావో చెప్పు, జవాబు అడగడం లేదు, ఎలా మొదలుపెట్టావో చెప్పు. ఎక్కడ ఆగిపోయావు? ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళతో ఒక నిమిషం. రిజిస్టరులో తేదీ, చదివిందా లేదా, ఆగిన చోటు, ఈ మూడే రాయండి. ఆగిన చోట్లన్నీ శుక్రవారం ఒకచోట చేరిస్తే వచ్చే వారం కాగితంలో ఏం ఉండాలో అదే చెబుతుంది.

బటన్ ఫోన్ల వాళ్ళకు పాఠం చెప్పలేమని చాలామంది చేతులెత్తేశారు. టీచరు ఫోన్లో కాన్ఫరెన్స్ కాల్ ఉంటుంది, సాధారణంగా ఐదుగురి దాకా కలపొచ్చు. అవతల బటన్ ఫోను అయినా ఫర్వాలేదు, వాళ్ళు కాల్ ఎత్తితే చాలు, వాళ్ళకు పైసా ఖర్చు లేదు. ఐదుగురు పిల్లలు, పదిహేను నిమిషాలు, చేతిలో ఆ వారం కాగితం. ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు వినాలి. గాలి చప్పుడు, కోళ్ళు, ట్రాక్టరు అన్నీ వినిపిస్తాయి. మాట్లాడని నలుగురినీ మ్యూట్‌లో పెట్టడం బటన్ ఫోన్లలో కుదరదు కాబట్టి ఐదుగురికి మించి ఆశపడకండి, ఇద్దరు ముగ్గురైతే ఇంకా మంచిది.

వాట్సాప్ గ్రూపు పాడయ్యే తీరు

తరగతికొక గ్రూపు చాలు, సబ్జెక్టుకొకటి పెడితే ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలకు పద్దెనిమిది గ్రూపులవుతాయి. అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగు పెట్టండి. లేకపోతే వారం తిరక్కుండా గుడ్ మార్నింగ్ పువ్వుల కింద పాఠం పూడుకుపోతుంది. సందేహాలు టీచరుకు విడిగా వాయిస్‌లో పంపమనండి.

గ్రూపులో చేరితే అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఆడపిల్లల ఇళ్ళల్లో దీనివల్లే గ్రూపు వద్దనేవాళ్ళున్నారు, వాళ్ళ భయం అర్థం లేనిది కాదు. వాళ్ళకు బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టండి, అందులో ఒకే సందేశం అందరికీ విడివిడిగా వెళ్తుంది, ఒకరి నంబరు ఒకరికి కనిపించదు. ఒక చిక్కుంది: మీ నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్ళకే బ్రాడ్‌కాస్ట్ చేరుతుంది. "పంపాను, రాలేదంటున్నారు" అన్న గొడవల్లో మొదట చూడాల్సింది ఇదే. ఫోను లెక్క తీసుకునే రోజే వాళ్ళ ఫోన్లో టీచరు పేరు సేవ్ చేయించి రండి.

పాఠం వీడియోగా పంపకండి. నోటుబుక్కులో నల్ల పెన్నుతో, పెద్ద అక్షరాలతో, ఫొటోకు ఆరేడు వరసలు మించకుండా రాసి, కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా ఫొటో తీయండి. దాని వెంట మూడు నిమిషాల వాయిస్. మూడు నిమిషాల గొంతు అర ఎంబీ చుట్టూ ఉంటుంది. అంతే నిడివి వీడియో పది ఎంబీ దాటడం మామూలే. చిన్న ఫోన్లలో మెమరీ నిండిపోయి వీడియో దిగదు, ఆ సంగతి పిల్ల చెప్పదు, చూశాననే చెబుతుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు రెండు ఎంబీ దాటితే మళ్ళీ కుదించండి. ప్రతి ఫొటోకు, వాయిస్‌కు ఒకే రకం పేరు పెట్టుకోండి: "8 గణితం, 3వ వారం, 1". లేకపోతే జ్వరంతో నాలుగు రోజులు ఆగిన పిల్ల తిరిగొచ్చి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వదిలేస్తుంది. మెసేజ్‌లు వాటంతట అవే మాయమయ్యే సెట్టింగు ఆపి ఉందో లేదో చూసుకోండి.

టీవీ పాఠం

అరగంట పాఠం పిల్ల ముందు నుంచి వెళ్ళిపోతుంది, ఆపి అడగడానికి లేదు. కరెంటు పోతే అంతే. ఆ వారం ప్రసారమయ్యే పాఠాల పట్టిక చూసి ఒక్కో పాఠానికి మూడే ప్రశ్నలు కాగితం వెనక అచ్చు వేయండి. వాటి జవాబు పాఠం వింటేనే దొరకాలి, పుస్తకంలో దొరక్కూడదు. పాఠం అయిన రోజు సాయంత్రం చేసే కాల్‌లో ఆ మూడు అడిగితే ఎవరు చూశారో తెలుస్తుంది. ప్రసారం తప్పిన పాఠాలు టీశాట్ యూట్యూబులో ఉంటాయి, ఫోను సాయంత్రం వచ్చే ఇళ్ళకు అవి చెప్పండి. అన్ని తరగతులకూ ఒకే టీవీ కాబట్టి ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే పెద్దవాళ్ళ పాఠమే గెలుస్తుంది. చిన్నవాళ్ళకు ఆ వారం కాగితం కాస్త ఎక్కువ ఇవ్వండి.

ఊళ్ళో చిన్న గుంపులు

జబ్బు తీవ్రత తగ్గి, గుమిగూడటానికి అనుమతి ఉన్నప్పుడే ఇది. 2020లో తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు హాస్టళ్ళ నుంచి ఊళ్ళకు వెళ్ళిపోయాక, ఒకే ఊరి పిల్లలు కలిసి పెద్ద పిల్లల సాయంతో చదువుకునే విలేజ్ లెర్నింగ్ సర్కిళ్ళు నడిపారు. జార్ఖండ్‌లోని దుమ్కా జిల్లాలో ఊరి వీధుల్లో మైకులు కట్టి పాఠాలు వినిపించారు. మైకు కన్నా గుంపు మేలు, మైకుకు ఎదురు మాట చెప్పలేం కదా.

ఆరేడుగురు పిల్లలు, డిగ్రీయో ఇంటరో చదువుతున్న ఒకరు, రెండు గంటలు, గాలి ఆడే వరండా. చోటు ఎంపికలో తొందరపడకండి. ఎవరో పెద్దమనిషి మా ఇల్లు ఇస్తామంటారు, మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ ఇంటి గడప తొక్కడానికి ఎస్సీ కాలనీ పిల్లలు జంకితే గుంపు సగం ఖాళీగా ఉంటుంది, ఎందుకు రాలేదని అడిగితే పని ఉందంటారు. గుడి మండపానికీ ఇదే చిక్కు. పంచాయతీ ఆఫీసు, రైతు వేదిక, గ్రంథాలయం, పాత ప్రాథమిక బడి వరండా, వీటిలో ఏదైనా అడగండి. సర్పంచ్‌తో నోటిమాట చాలదు, తల్లిదండ్రులుండే బడి కమిటీ సమావేశంలో తీర్మానం రాయించండి.

నడిపే కుర్రాడికో అమ్మాయికో పాఠం చెప్పే బాధ్యత ఇవ్వకండి. కాగితం గట్టిగా చదివించడం, ఎవరు ఎక్కడ ఆగారో రాసుకోవడం, టీచరుకు ఫోను చేసి కలపడం, ఇంతే. పాఠం చెప్పమంటే బెత్తం పడతారు, లేదా జవాబులు రాయించేస్తారు.

లైవ్ క్లాసు

తొమ్మిది, పది తరగతులకు మాత్రమే, వారానికి రెండు, సాయంత్రం ఏడున్నరకు, నలభై నిమిషాలు. అది కూడా సందేహాలకే. 2020 జులైలో ఆన్‌లైన్ చదువుపై కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాలు ఎనిమిదో తరగతి దాకా రోజుకు రెండు, తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగు సెషన్లు మించకూడదని, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలని చెప్పాయి. అది గరిష్ఠ పరిమితి. అంత చేయాలని కాదు. ఆ రోజుల్లో కొన్ని ప్రైవేటు బళ్ళు ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా తెర ముందు కూర్చోబెట్టాయి, ఫీజుకు సరిపడా బడి కనిపించాలన్న తాపత్రయంతో.

వీడియో ఆన్ చేసి గంట గ్రూపు కాల్ నడిస్తే ఎనిమిది వందల ఎంబీ, ఆ పైన కూడా పోవచ్చు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు, ఇంట్లో ఇద్దరు పిల్లలు, లెక్క మీరే వేయండి. పిల్లల కెమెరాలు ఆపించండి, టీచరు కూడా బోర్డు చూపించేటప్పుడే కెమెరా ఆన్ చేయాలి. లింకు గ్రూపులో పడితే ఊరి కుర్రాళ్ళ చేతికీ చేరుతుంది కాబట్టి వెయిటింగ్ రూమ్ పెట్టి, హాజరు పట్టీలోని పేరుతో వచ్చినవాళ్ళనే లోపలికి తీసుకోండి.

టీచర్ల సంగతి

ఫోన్ల మీద పట్టున్న ఒక్క టీచరు మొత్తం బడికి కంప్యూటర్ ఆపరేటర్ అయిపోవడం దాదాపు ప్రతిచోటా జరిగే తప్పు. మిగతా ఎనిమిది మందికీ గంటసేపు కూర్చోబెట్టి మూడే పనులు నేర్పించండి: ఫొటో తీసి కుదించడం, వాయిస్ పంపడం, కాన్ఫరెన్స్ కాల్ కలపడం. బడి పేరుతో ఒక సిమ్ తీసుకుని మహిళా టీచర్లకు ఇబ్బంది వచ్చే ఇళ్ళకు ఆ నంబరు నుంచే చేయండి. రాత్రి తొమ్మిది తర్వాత జవాబివ్వక్కర్లేదని తల్లిదండ్రులకు రాతపూర్వకంగానే చెప్పండి.

ఇక రిపోర్టులు. ఎంతమంది టీవీ చూశారు, ఎంతమంది యాప్‌లో చూశారు, ఎంతమంది చూడలేదు అని ప్రతి సాయంత్రం పైకి పంపే అంకెలు పిల్లలకు వెళ్ళాల్సిన అరగంటను తినేస్తాయి. పైగా అవి నిజమైన అంకెలూ కావు. మీరు తప్పించుకోలేరు, కానీ మీ కాల్ రిజిస్టరు నుంచే ఆ అంకెలు తీసేలా ఒకరికి అప్పగించండి. తొమ్మిది మందీ తొమ్మిది ఫారాలు నింపక్కర్లేదు.

మార్కులు, జాడలేని పిల్లలు

2020 మార్చి 19న మొదలైన తెలంగాణ పదో తరగతి పరీక్షలు కొన్ని పేపర్లకే ఆగిపోయాయి. జూన్ 8న రద్దు ప్రకటించి, 20 మార్కుల అంతర్గత మదింపునే ఆధారం చేసుకుని గ్రేడ్లు ఇచ్చారు. 2021లోనూ పరీక్ష జరగలేదు. అంటే ఏడాది మధ్యలో బళ్ళోనే వేసే ఫార్మేటివ్ మార్కులు ఎప్పుడు అసలు మార్కులవుతాయో ఎవరికీ తెలియదు. తిరిగొచ్చిన కాగితాలను పిల్లకొక కవరు పెట్టి దాచండి. ఫోన్లో పెట్టే పరీక్షకు మార్కులు వేయకండి, అది అన్నయ్య పరీక్ష.

వరసగా మూడు వారాలు కాగితం తిరిగి రాని, కాల్ ఎత్తని పిల్ల కోసం నాలుగో వారం ఇంటికి మనిషి వెళ్ళాలి. పత్తి ఏరే రోజుల్లో, అంటే అక్టోబరు తర్వాత, ఈ పేర్లు పెరుగుతాయి. అబ్బాయిలైతే కూలికో, మెకానిక్ షెడ్డుకో వెళ్ళి ఉంటారు. తొమ్మిది, పది చదివే అమ్మాయి అయితే ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయేమో అంగన్‌వాడీ టీచరును మెల్లగా అడగండి, అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయండి. ఆ ఇంటి మీదకు టీచరు ఒక్కరే వెళ్ళకూడదు, కమిటీలో ఒక తల్లిని వెంట తీసుకెళ్ళాలి.

మళ్ళీ తెరిచిన రోజు

తెరిచిన వెంటనే సిలబస్ పరుగు మొదలుపెడితే కాగితాల మీద పడ్డ శ్రమంతా పోతుంది. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది మొదలయ్యాయి, ఆ నెలాఖరున ఆరు నుంచి ఎనిమిది. మార్చి 24కల్లా అన్నీ మళ్ళీ మూత. ఆ కింది తరగతుల పిల్లలకు దక్కింది దాదాపు ఒక్క నెల. అలాంటి నెల వస్తే దాన్ని చదవడం, కూడిక నుంచి భాగహారం దాకా నాలుగు ప్రక్రియలు, రాత వేగం, ఈ మూడిటికే ఇవ్వండి. మొదటి వారంలో ఒక్కొక్కరిని పిలిచి ఒక పేరా చదివించి, ఒక తీసివేత, ఒక భాగహారం చేయించండి. పిల్లకు ఐదు నిమిషాలు చాలు. ఆ స్థాయిల్ని బట్టి రోజూ ఒక పీరియడు తరగతులు కలిపేసి గుంపులు చేయండి. ఏడాదిన్నర రాయని చేతులు నెమ్మదించి ఉంటాయి కాబట్టి రోజూ పది వరసల చూచిరాత పదో తరగతికి కూడా అవసరమే. ప్రైవేటు బడి నుంచి మారి వచ్చిన పిల్లలుంటే వాళ్ళకు తెలుగు చదవడం వేరుగా చూడాలి.

ఇప్పుడు యాప్. మీ తొమ్మిది మందికీ ఈపాటికే చేతిలో ఉన్నది, తల్లిదండ్రులకు కొత్తగా డౌన్‌లోడ్ చేయక్కర్లేనిది. మీ ఊళ్ళల్లో అది వాట్సాప్, దాని పక్కన మామూలు కాల్. లైవ్‌కు జూమ్ ఉచిత ఖాతా నలభై నిమిషాలకు ఆగిపోతుంది, మీకు కావాల్సిందీ అంతే.

ఒక చిన్న రిహార్సల్ చేయండి. వచ్చే నెలలో ఒక వారం, బడి నడుస్తుండగానే, ఎనిమిదో తరగతి ఒక్కదానికి ఇంటిపని మొత్తం ఈ పద్ధతిలో ఇవ్వండి: సోమవారం కాగితం, ఇంటికి కాల్, రాత్రికి వాయిస్. తర్వాతి సోమవారం ఎన్ని కాగితాలు తిరిగొచ్చాయో లెక్కపెట్టి, రానివాటి పేర్లు ఊరివారీగా రాసి ఇక్కడ పెట్టండి. ఒకే ఊరి పేర్లు గుత్తిగా కనిపిస్తే చిక్కు పంపిణీ చోటులో ఉంది. అన్ని ఊళ్ళలో చెదురుగా ఉంటే కాగితం కష్టంగా ఉంది. ఏది తేలితే దాన్నిబట్టి తర్వాతి సంగతి మాట్లాడుకుందాం.